ఒక చట్రము, పలు గొట్టములు
(ఉద్దనపల్లిలో చేసిన ప్రసంగపాఠము)



హోసూరు కర్మాగారములలో మన యువకులు లేతుయంత్రముపై వెంట్రుకవాసి తేడా రాకుండ ఉక్కును చెక్కుచున్నారు. అట్టి చేతులకు తుపాకి నిర్మాణముపై కుతూహలము కలుగుట సహజము. కావున రెండు మాటలు మనవి చేయుచున్నాము.

గొట్టములు మార్చుకొనదగిన ఒంటితూటా తుపాకిలో చట్రము ఒక్కటే. అమెరికాలో వారెన్ సెంటర్ రూపొందించిన 'కంటెండర్' అను పిస్తోలు 1967లో ఈ పద్ధతిని ప్రసిద్ధము చేసెను. పిదప అది రైఫిళ్లకును వ్యాపించెను. గొట్టమును చట్రముతో కలుపునది ఒక కీలుసీల. సీల తీసి గొట్టము మార్చినచో తూటా కొలతయు మారును.

అయితే తూటా వెనుక సందు కొంచెము మించినను ఇత్తడి తొడుగు పగిలి, మండు వాయువు కాల్చువాని ముఖముపైకి ఎగయవచ్చును. చట్రము ఓర్వలేని తూటాకు ఎంత చక్కని గొట్టము బిగించినను ముప్పే.

మఱియు 1959 నాటి ఆయుధముల చట్టము దృష్టిలో విడి గొట్టము సైతము తుపాకియే. లైసెన్సు లేక తయారుచేసినవారికి, 2019 సవరణ ననుసరించి, 7 ఏండ్లకు తగ్గని, యావజ్జీవము వరకు పోగల కారాగారశిక్ష గలదు. పంటను కాపాడుకొనుటకే యన్నను చెల్లదు.

ఇంటిపెద్దలు ఈ సంగతిని పిల్లల చెవిని వేయవలెనని కోరుచున్నాము. చట్రము చెక్కనేర్చిన చేతికి చట్టమును తెలిసియుండవలెను.