డబ్బా మీద స్పీడు వేరు, మనకొచ్చే స్పీడు వేరు

ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక మనోళ్లు రెండు పనులు చివరి రోజుకు పెట్టుకుంటారు. ఒకటి కార్గో, రెండోది ఫోన్లో ఉన్న ఫోటోలు, వీడియోలు హార్డ్ డిస్కులో వేసుకోవడం. ఈరోజు ఆ రెండో పని గురించి మాట్లాడుకుందాం.

రియాద్ బత్హాలో గానీ, జెద్దా బలద్‌లో గానీ షాపుకు పోతే డబ్బా మీద '5 జీబీపీఎస్' అని ఉంటుంది. అది బిట్ల లెక్క. మన ఫైళ్లు బైట్ల లెక్క. 8 బిట్లయితే ఒక బైటు. 8తో భాగిస్తే సెకనుకు 625 ఎంబీ. అందులో ఐదో వంతు సిగ్నల్ ఏర్పాటుకే పోతుంది, మిగిలేది 500. అదైనా రోడ్డు వెడల్పే గానీ బండి స్పీడు కాదు.

బండి అంటే లోపలున్న డిస్కు. తిరిగే పళ్లెం ఉన్న మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కు పెద్ద ఫైళ్లయితే సెకనుకు 100 నుంచి 130 ఎంబీ దాకా రాస్తుంది. వేలకొద్దీ చిన్న ఫోటోలయితే ఇంకా బాగా తగ్గుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగం లేదు, 400 పైన వస్తుంది.

సైట్లో స్లాబు పోసేటప్పుడు చూస్తాం కదా. ప్లాంటు నుంచి ఎన్ని మిక్సర్లు వచ్చినా, పంపు ఎంత తోస్తే అంతే పడుతుంది. ఇక్కడా అంతే. ఫోను, కేబులు, పోర్టు, డిస్కు, ఈ నాలుగింట్లో ఏది నిదానమో దాని స్పీడే మనకు వచ్చేది. ఐఫోన్ 15కు టైప్-సీ ఉన్నా లోపల స్పీడు యూఎస్‌బీ 2దే. ఫోనుతో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లు కూడా చాలావరకు అంతే.

200 జీబీ ఉందనుకోండి. యూఎస్‌బీ 2 మీద సెకనుకు 35 ఎంబీ వస్తే గంటన్నర దాటుతుంది. యూఎస్‌బీ 3లో హార్డ్ డిస్కుకు అరగంట. ఎస్ఎస్‌డీకి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. అందుకే ఎయిర్‌పోర్టుకు బండి వచ్చే ముందు మొదలుపెట్టొద్దు.

మరి ఏది కొనాలి? ఇంట్లో దాచుకోవడానికైతే హార్డ్ డిస్కు చాలు, అదే డబ్బుకు ఎక్కువ జాగా వస్తుంది. కానీ కింద పడితే పళ్లెం దెబ్బతింటుంది. కార్గో పెట్టెలో వేయకండి, చేతి బ్యాగులో పెట్టుకోండి. రోజూ లాప్‌టాప్‌తో తిప్పేవాళ్లకు ఎస్ఎస్‌డీ మేలు. దాన్ని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పెట్టొద్దు, లోపలి డేటా చెదిరే ప్రమాదం ఉంది.

1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

అసలు మోసం వేరే ఉంది. '16 టీబీ ఎస్ఎస్‌డీ' అని కారు చవగ్గా అమ్ముతారు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు మాత్రం 16 టీబీ అని చూపించేలా మార్చి ఉంటారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది. అసలు జాగా నిండాక వేసినవి నిలవవు, ముందు వేసినవి కూడా చెడిపోవచ్చు. ఊరికి పోయి తెరిస్తే పేరుంటుంది, వీడియో ఉండదు. పిల్ల మొదటి అడుగులు వీడియో కాల్‌లో చూసి రికార్డు చేసుకున్న మనిషికి అది మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

అందుకని బిల్లు ఇచ్చే షాపులో కొనండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు మొత్తం పరీక్షించండి. రాత్రి పెట్టి పడుకుంటే దాని పని అది చేసుకుంటుంది. కాపీ అయ్యాక మొదట్లోవి, మధ్యలోవి, చివర్లోవి కొన్ని తెరిచి చూడండి. చూడకముందే ఫోన్లో డిలీట్ కొట్టకండి. ఇంకో కాపీ వేరే డిస్కులో పెట్టుకుంటే నిశ్చింతగా విమానం ఎక్కొచ్చు.

డౌట్లుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటాను.