పరదేశమున మన యాడుబిడ్డలు

(పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



అమెరికా సంబంధ మనగానే మన యిండ్లలో పండుగ యగుచున్నది. వరుని జీతమును విచారింతుము, ఉద్యోగమును విచారింతుము, జాతకమును జూపింతుము. పిల్ల యే వీసాపై పోవుచున్నదో, ఆ వీసా యామెకే హక్కు నిచ్చునో విచారించువా రెందరు? నేడా ప్రశ్ననే మీ ముందుంచ దలచితిమి.

ఆ దేశమున హెచ్-1బి వీసాపై కొలువు చేయువాని భార్యకు హెచ్-4 అను ననుబంధ వీసా నిత్తురు. దానికి స్వతంత్రమైన యస్తిత్వము లేదు. భర్త వీసా పోయిన నదియు పోవును, విడాకులైనను పోవును. సామాన్యముగ దానిపై పనిచేసి సంపాదించుకొనుటకు వీలు లేదు. 2015లో కొందరు భార్యలకు పని యనుమతి నిచ్చిరి గాని, అదియు భర్త శాశ్వత నివాసపు ప్రయత్నము కొంత దూరము సాగియున్నప్పుడే. ఉద్యోగమార్గమున నిచ్చు శాశ్వత నివాసములలో ఏ యొక్క దేశమువారికిని ఏటేట నూటికి సుమారు 7 పాళ్లకు మించరాదను నిబంధన గలదు. అందువలన మనవారు ఏండ్ల తరబడి వరుసలో నిలిచియుందురు. అన్ని యేండ్లును భార్య యనుబంధముగనే యుండవలెను.

ఇట్టి యింట భర్త క్రూరుడైనచో నేమగును? పాస్‌పోర్టు ఆతని బీరువాలో, బ్యాంకు ఖాతా ఆతని పేర, కారు తాళము ఆతని జేబులో నుండును. “నోరెత్తితివా, నీ వీసా రద్దు చేయించి పంపివేసెదను” అను మాట యొక్కటి చాలును. పోలీసులు రారని కాదు, పిలిచిన వత్తురు. కాని గృహహింస నేరము ఋజువైన పరదేశీయుని వెడలగొట్టుటకు ఆ దేశ చట్టము వీలిచ్చుచున్నది. ఆతడు పోయిన నామెయు పోవలసినదే. అక్కడ పుట్టిన బిడ్డ యమెరికా పౌరుడు. కన్నతల్లి మాత్రము పరాయిది. తండ్రి సమ్మతి లేక బిడ్డను తెచ్చెనేని అపహరణ నేరము మోపబడవచ్చును. ఆమె యెటు కదలగలదు?

ఆ దేశమువారు దీనిని బొత్తిగా గుర్తింపలేదని మేమనము. హింసకు లోనైన భార్య తనంతట తానే నివాసమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునని 1994లో శాసనము చేసిరి. అయితే భర్త యమెరికా పౌరుడో శాశ్వత నివాసియో కావలెను. హెచ్-1బి వాని భార్యకా తలుపు మూసియున్నది. దెబ్బ యొక్కటే, కన్నీరొక్కటే. భర్త చేతి కాగితమును బట్టి యొకతెకు రక్ష గలదు, వేరొకతెకు లేదు.

2000లో నేరబాధితులకై యు వీసా నేర్పరచిరి. ఏటికి బాధితులకు 10,000 మించి యీయరు. ఆమె నేరవిచారణకు తోడ్పడినదని అధికారులు ధ్రువపరుపవలెను. పిదప ఏండ్ల కొలది వేచియుండవలెను. 2005లో హెచ్-4 బాధితలకు పని యనుమతి నీయవచ్చునని శాసించిరి. దరఖాస్తులు పుచ్చుకొనునప్పటికి 2017 వచ్చినది. అదియు పనికి ననుమతియే గాని నివాసమునకు హక్కు గాదు. పని చేయవచ్చునట, ఉండుటకు మాత్రము హక్కు లేదట! ఇదెక్కడి న్యాయము?

ఒక పాత చరిత్రను స్మరింపుడు. క్రైస్తవ విధిని జరిగి రిజిస్టరు కాని వివాహములు చెల్లవని 1913లో దక్షిణాఫ్రికా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఒక్క తీర్పుతో అచ్చటి మన స్త్రీలు భార్యలు గాకపోయిరి. కస్తూరిబా మొదలగు వనితలు సత్యాగ్రహము సలిపి కారాగారమున కేగిరి. 1914లో అచ్చటి ప్రభుత్వము తలయొగ్గి మన వివాహములను గుర్తించెను. ఆనాటి చట్టము మన స్త్రీతో “నీవు భార్యవు గావు” అన్నది. నేటి చట్టము “నీవు భార్యవు తప్ప మరేమియు గావు” అనుచున్నది. రెంటికిని ఆమె మనిషిగా కానరాలేదు.

పరుల చట్టమును నిందించి మన యింటిని మరచుట తగదు. 1975లో తిరుపతిలో జరిగిన యొక వివాహమును భర్త మిస్సోరి న్యాయస్థానమున రద్దు చేయించుకొనగా, ఆ తీర్పు మన దేశమున చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పెను. వకీళ్లమైన మాకది గర్వకారణమే. కాని ఆ తీర్పు సముద్రమున కావల నిలువ నీడ నీయజాలదు. ప్రవాసుల వివాహములను తప్పక రిజిస్టరు చేయించుటకై 2019లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టము గాలేదు. సమగ్రమైన శాసనము కావలెనని 2024లో లా కమిషను చెప్పవలసివచ్చెను. మన ప్రభుత్వము అమెరికాతో వీసాల సంఖ్యను గూర్చి మాటలాడినప్పుడెల్ల, హింసకు లోనైన భార్య వీసా ఆమె పేరనే నిలువవలెనని కూడ అడుగవలెను. ఇది మేము కోరు మొదటి కోరిక.

రెండవ కోరిక మిమ్మే కోరుచున్నాము. పిల్ల ఫోనులో ఏడ్చినప్పుడు “సర్దుకొనుమమ్మా, పరువు పోవును” అనకుడు. మా యొద్దకు వచ్చిన తండ్రులకు “కొంతకాలము ఓపిక పట్టుడు” అని మేమును చెప్పినవారమే. అది తప్పని ఈ సభలో ఒప్పుకొనుచున్నాము. పాస్‌పోర్టు, వీసా, వివాహపత్రముల నకళ్లు పుట్టింట నుంచుడు. బిడ్డ పేర వేరొక బ్యాంకు ఖాతా తెరువుడు. ఆపదలో 911కు ఫోను చేయుమని పయనమునకు ముందే చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యము, తిరిగివచ్చిన బిడ్డకు మీ తలుపు తెరచియుంచుడు. పరదేశపు చట్టము మారుటకు కాలము పట్టును. మన గడప మారుటకు ఈ రాత్రియే చాలును.