చెయ్యి ఉంటేనే సేద్యం: పొలంలో గాయమైతే మొదటి పది నిమిషాలు

(వానాకాలం పనులు మొదలయ్యే ముందు మా మండల రైతు సంఘం జరిపిన శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర మీద మాట్లాడమంటే నేను గంటసేపు మాట్లాడతాను. ఈసారి సంఘం నన్ను గాయాల గురించి చెప్పమన్నది. నేను డాక్టరును కాదు. పదో తరగతి దాకా చదివి నాగలి పట్టినవాణ్ణి. సంఘం తరఫున ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్లి నేర్చుకున్నదీ, నా ఒంటి మీద పడ్డదీ చెప్తాను.

ముందుగా ఈ ఎడమ చెయ్యి చూడండి. మూడు వేళ్లే ఉన్నాయి. పద్నాలుగేళ్ల కింద యాసంగిలో గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడి రెండు వేళ్లు తెగిపోయాయి. నా భార్య కండువాతో చెయ్యి చుట్టి గట్టిగా పట్టుకున్నది. మా తమ్ముడు తెగిన వేళ్లు ఏరి, సోడా దుకాణంలో ఐసు కొని, ఆ ఐసు ముక్కల్లోనే వేళ్లు వేసి తెచ్చాడు. రెండున్నర గంటలు పోయి పట్నం దవాఖానకు చేరాం. డాక్టరు వేళ్లు చూసి, నేరుగా ఐసులో పెట్టడంతో గడ్డకట్టి పాడైనాయి, ఇక అతకవు అన్నాడు. మా తమ్ముడు ఇప్పటికీ ఆ మాట తలుచుకొని బాధపడతాడు. తప్పు వాడిది కాదు. అట్ల పెట్టొద్దని మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేను చెప్తున్నాను.

రక్తం కారుతుంటే

మొదట మిషన్ ఆపాలి. ట్రాక్టర్ అయితే తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి, మోటరు అయితే కరెంటు తియ్యాలి. కాపాడబోయినవాడి చెయ్యి కూడా పోయిన ఊళ్లు ఉన్నాయి. ఇరుక్కున్న చేతిని బలంగా గుంజొద్దు, బోల్టులు విప్పి తియ్యాలి. ఒకరు ఈ పని చూస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. 2005 నుంచి మనకు ఆ బండి ఉంది. ఊరి పేరు ఒక్కటే చెప్తే బండి బావుల కాడ తిరుగుతనే ఉంటుంది. ఏ దారి, ఏ చెరువు కట్ట, ఏ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అనేది చెప్పి, రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి.

రక్తం ఆపే మందు మన అరచేతిలోనే ఉంది. శుభ్రమైన నూలు బట్ట గాయం మీద పెట్టి గట్టిగా అదమాలి. పది నిమిషాలు తియ్యకుండా అదమాలి. మనవాళ్లు నిమిషానికోసారి ఆగిందా అని తీసి చూస్తారు. తీసినప్పుడల్లా గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదలవుతుంది. బట్ట తడిసిపోతే దాన్ని తియ్యకుండా దాని మీదే ఇంకో బట్ట పెట్టి ఇంకా గట్టిగా నొక్కండి. ఇంకొకరి రక్తం ముట్టుకునేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి.

చెయ్యో కాలో చితికి, ఎంత అదిమినా రక్తం చిమ్ముతూనే ఉంటే అప్పుడు గాయానికి పైన, గుండె వైపు నాలుగు వేళ్ల దూరంలో వెడల్పు బట్ట కట్టాలి. ముడిలో కట్టె పెట్టి రక్తం ఆగేదాకా తిప్పాలి. మోచెయ్యి, మోకాలు కీలు మీద కట్టొద్దు. తీగ, సుతిలి, సన్నపు తాడు వాడొద్దు, అవి కండను కోస్తాయి. కట్టిన టైము పెన్నుతో ఆ మనిషి చర్మం మీదే రాయండి. దవాఖాన దాకా దాన్ని వదులు చెయ్యొద్దు. ఇది ప్రాణం మీదికి వచ్చినప్పుడే చేసే పని. కొడవలి కోతకు ఈ కట్టు అక్కర లేదు.

ముఖం పాలిపోయి చల్లటి చెమటలు పడితే రక్తం చాలా పోయిందని గుర్తు. వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పండి. చాయ, నీళ్లు తాగించొద్దు, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

పారపుల్ల, ఇనుప చువ్వ, పెద్ద కట్టె గుచ్చుకొని నిలబడితే పీకొద్దు. లోపల అదే రక్తానికి అడ్డంగా ఉంటుంది. అది కదలకుండా చుట్టూ బట్టలు పేర్చి కట్టి తీసుకపొండి.

ఇక తెగిన వేలు. శుభ్రమైన బట్టను నీళ్లతో తడిపి పిండి, వేలును అందులో చుట్టాలి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి నీళ్లు పోకుండా మూతి కట్టాలి. ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో పెట్టాలి. ఐసు వేలుకు తగలొద్దు, వేలు నీళ్లలో నానొద్దు. మనిషీ వేలూ ఒకే బండిలో పోవాలి.

గాయం పెద్దదా చిన్నదా

పైన చర్మం, దాని కింద కొవ్వు, కండ, రక్తం నడిచే గొట్టాలు, స్పర్శ తెలిపే నరాలు, వేళ్లను ఆడించే తాళ్ల వంటివి ఉంటాయి. మనం అన్నిటినీ కలిపి నరం అనేస్తాం. చర్మం మీద అంగుళం కోత ఉన్నా లోపల ఏది తెగిందో పైకి తెలవదు. రక్తం ఆగినంక మూడు సంగతులు చూడండి. ఒకటి, ప్రతి వేలునూ విడివిడిగా వంచి చాపమనండి. ఒక్క వేలు కదలకపోయినా లోపలి తాడు తెగి ఉండవచ్చు. రెండు, కళ్లు మూయించి వేలి కొసలు ముట్టుకొని తెలుస్తుందా అని అడగండి. మొద్దుబారితే నరానికి దెబ్బ తగిలింది. మూడు, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. తెల్లగానే ఉండి వేలు చల్లబడితే రక్తం అందడం లేదు. ఈ మూడింటిలో ఏది తేడా ఉన్నా ఊళ్లో కుట్లు వేయించుకొని ఊరుకోవద్దు, పెద్ద దవాఖానకు పోవాలి.

పసుపు, కాఫీ పొడి, మట్టి

కోసుకున్న చోట మనం పసుపు, కాఫీ పొడి, కిరోసిన్, కొందరైతే బూడిద, పేడ కూడా పెడతాం. మా నాయన గడ్డిచేమంతి ఆకు పిండేవాడు. పెద్దల మీద గౌరవంతోనే చెప్తున్నాను, లోతైన గాయంలో ఇవేవీ వద్దు. డాక్టరుకు గాయం కనబడదు, చీము పట్టడానికి దారి అవుతుంది. చిన్న గాయమైతే తాగే నీళ్లు ధారగా పోసి మట్టి పోయేదాకా కడగండి, చుట్టూ సబ్బు పెట్టండి, శుభ్రమైన బట్ట కట్టండి. పెద్ద గాయమైతే కడగడం కన్నా రక్తం ఆపడం ముందు.

ధనుర్వాతం పురుగు మన మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. అందుకే తుమ్మ ముల్లు, తుప్పు మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రం కూడా ప్రమాదమే. ముల్లు తీసేసినా పురుగు లోపలే ఉంటుంది. ఆడవాళ్లకు కాన్పులప్పుడు సూది పడుతుంది. మగవాళ్లం బడిలో వేయించుకున్నదే, మళ్లీ పోం. మట్టి గాయమై, చివరి సూది పడి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేసుకున్నామో గుర్తు లేకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి. షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి పాదాలు చూసుకోండి, ముల్లు దిగినా వాళ్లకు నొప్పి తెలవదు.

రక్తం రాని దెబ్బ

నేను ఎక్కువ భయపడేది దీనికే. మా వాడకట్టులో ఒక కూలి తమ్ముడి పిక్క మీద వడ్ల బస్తాలు పడ్డాయి. చర్మం చిట్లలేదు, ఎముక విరగలేదు. నొప్పుల సూది వేసి, వాపు తగ్గాలని గట్టిగా కట్టు కట్టారు. రాత్రంతా అరిచాడు. ఇంట్లోవాళ్లు ఓర్చుకోమన్నారు. తెల్లారేసరికి పాదం చల్లబడింది. ఆ పాదం తీసేయాల్సి వచ్చింది.

నలిగిన కండ లోపల ఉబ్బుతుంది. పైన ఉన్న పొర సాగదు. లోపలి ఒత్తిడికి రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. గుర్తులు చెప్తాను, గుర్తు పెట్టుకోండి. దెబ్బకు మించిన నొప్పి, గంట గంటకూ పెరిగే నొప్పి, సూదికి కూడా తగ్గని నొప్పి. పిక్క రాయి లెక్క గట్టిపడుతుంది. వేళ్లను మనం పట్టి చాపితే ప్రాణం పోయినట్టు అరుస్తారు. తిమ్మిరి వస్తుంది. ఇట్లుంటే వెంటనే కట్టు విప్పి, గంటల్లోనే ఆపరేషన్ చేసే దవాఖానకు పోవాలి. ఆరు గంటలు దాటితే కండ దక్కడం కష్టం. ఎవరు కట్టిన కట్టయినా సరే, వేళ్లు నల్లబడితే, చల్లబడితే విప్పాల్సిందే.

ఇంకొకటి. ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపు పిన్నీసు మొనంత చిల్లి పడితే ఆయిలు ఎంతో వేగంగా చిమ్ముతుంది. ఎక్కడ లీకవుతుందా అని వేలితో తడిమితే చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది, మొదట నొప్పి కూడా ఉండదు. లోపల కండ కుళ్లిపోతుంది. దీనికి ఆ రోజే ఆపరేషన్ కావాలి. లీకును అట్ట ముక్కతో చూడండి, చేత్తో చూడకండి.

మామూలు బెణుకైతే కదిలించకుండా, బట్టలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో పెట్టండి. మొదటి రెండు రోజులు నూనె రుద్దడం, కాపడం వద్దు. నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోతే ఫోటో తీయించండి.

మన హక్కు, మన పని

ఇప్పుడు సంఘం మాట చెప్తాను. 2018లో వచ్చిన రైతు బీమా పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. చెయ్యి పోయి బతికితే ఏమీ లేదు. కౌలు రైతుకు, కూలికి అసలే లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు, కూలీలైనా సరే, బ్యాంకు ఖాతా ఉంటే చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక చెయ్యి గానీ ఒక పాదం గానీ పోతే లక్ష. ఆ కూలి తమ్ముడు అందులో చేరి ఉంటే లక్ష వచ్చేది. చేరమని మనం చెప్పలేదు. ఆ తప్పు సంఘానిది కూడా. అయితే నా వంటి రెండు వేళ్ల మనిషికి ఆ బీమాలోనూ పైసా రాదు.

గింజలు నూర్చే పవర్ థ్రెషర్ల కోసం 1983లోనే ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. మిషన్ మీద పనిచేస్తూ కూలి గాయపడితే పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. ఈ సభలో ఆ చట్టం పేరు విన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని లేస్తాయో మీకే తెలుసు.

అందుకే ఈ సమావేశం ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. వేళ్లు పోయినా పరిహారం ఉండాలి, రైతు బీమా గాయాలకూ, కౌలు రైతుకూ, కూలికీ వర్తించాలి. మండల దవాఖానలో కుట్లు వేసే మనిషి, ధనుర్వాతం సూది రాత్రిపూట కూడా ఉండాలి. రక్షణ కవరు లేని మిషన్‌ను మన సంఘ సభ్యులెవరూ కిరాయికి ఇవ్వొద్దు, తీసుకోవద్దు. మూడోదానికి సర్కారు కోసం ఎదురుచూసే పని లేదు, రేపటి నుంచే మనం చెయ్యవచ్చు.

ప్రమాదం జరిగితే అది ఎట్లా జరిగిందో దవాఖాన కాగితాల్లో రాయించుకోండి, లేకపోతే రేపు బీమావాళ్లు ఒప్పుకోరు. ప్రతి ట్రాక్టర్ టూల్ బాక్సులో ఒక కవర్లో ఉతికిన నూలు బట్టలు రెండు, కట్టుబట్ట చుట్ట, వెడల్పు పట్టీ, జానెడు కట్టె, సబ్బు, ప్లాస్టిక్ కవర్లు, పెన్ను పెట్టుకోండి. పానాలు, స్పానర్లు మిషన్ కోసం పెట్టుకుంటాం కదా, ఇవి మనిషి కోసం.

భోజనాలయ్యాక అక్కచెల్లెళ్లతో సహా అందరం ఒకరి చెయ్యి ఒకరం అదిమి కట్టు కట్టడం నేర్చుకుందాం. తినగానే ఎవరూ వెళ్లిపోవద్దని కోరుతున్నాను.