‘నైస్’కు అర్థం చెప్పేది విశేష్యమే



ఏ మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆయన, ఎవరైనా మాటకు అర్థం అడిగితే ముందు వాక్యం చదవమనేవారు. విశేషణం విశేష్యం పక్కన నిలబడితేనే పలుకుతుందని ఆయన నమ్మకం. అది ఎంత సరైనదో చూపడానికి ‘నైస్’ అనే చిన్న మాట ఒక్కటి చాలు.

మన ఇంగ్లీషు గైడుల్లో దీనికి సాధారణంగా ఒకే అర్థం కనిపిస్తుంది: మంచి. దీని మూలమైన లాటిన్ మాట ‘నెస్కియుస్’కు మాత్రం తెలియనివాడు అని అర్థం. ‘సైన్స్’ పుట్టిన ధాతువుకే ముందు నిషేధం చేరింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చేసరికి అది ‘తెలివితక్కువ’ అయింది. 14వ శతాబ్దంలో, చాసర్ రోజుల్లో, మనిషిని ‘నైస్’ అంటే మెప్పు కాదు, నింద. తరవాత అందులో సుకుమారం, చాదస్తం, ప్రతిదానికీ వంకపెట్టే గుణం చేరాయి. ఆ పట్టింపు పక్కనే సూక్ష్మత, కచ్చితత్వం వచ్చి కూర్చున్నాయి.

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ చివరి అంకంలో, రోమియోకు చేరకుండా ఆగిపోయిన ఉత్తరం నైస్ కాదని ఫ్రయర్ లారెన్స్ కలవరపడతాడు. ‘మంచి ఉత్తరం కాదు’ అని చదువుకుంటే కథే తలకిందులవుతుంది. అది అల్ప విషయం కాదనీ, ప్రాణాలకు సంబంధించినదనీ ఆయన ఆందోళన.

1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో సూక్ష్మమైన కచ్చితత్వం దీని అర్థాల్లో ఒకటి. ‘మనసుకు నచ్చినది’ అనే వాడుక బలపడింది 18వ శతాబ్దంలోనే. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ ఆబీ’ 1817 చివర వెలువడింది. అందులో కేథరిన్ ఒక నవలను నైస్ అంటే హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు. పొందికకూ నాజూకుకూ చెల్లే మాటను ఇప్పుడు కనిపించిన ప్రతిదానికీ తగిలిస్తున్నారని అతని అభ్యంతరం. జనం అతని మాట వినలేదు. భాష జనం వైపే నడిచింది.

నేటి ఇంగ్లీషులోనూ పాత అర్థాలు పూర్తిగా పోలేదు. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే మంచి తేడా కాదు, సన్నని తేడా. ‘నైస్ మ్యాన్’ అంటే సౌమ్యుడు. కాఫీ ‘నైస్ అండ్ హాట్’ అన్నప్పుడు ఆ వేడి హాయిగా ఉందని. పని చెడగొట్టినవాడితో ‘నైస్ వర్క్’ అంటే అది దెప్పిపొడుపు. అక్కడ అర్థం గొంతులో ఉంటుంది.

ఇక మన పిండిమరకు వెళ్దాం. “సున్నుండలకు కాస్త బరకగా ఉంచు బాబూ, జంతికల పిండి మాత్రం నైసుగా పట్టు” అంటుంది ఒక అమ్మ. మర అతను గొట్టం కింద చెయ్యి పెట్టి, చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాడు. పలుకు తగిలితే మర కొంచెం బిగిస్తాడు. ఆ ఇద్దరి మధ్యా ‘నైసు’ అంటే ఏమిటో ఏ సందేహమూ లేదు. బట్టల కొట్లో అదే మాట నునుపు. “నైసుగా జారుకున్నాడు” అంటే ఎవరికీ తెలియకుండా. “నైసు చేసి పని చేయించుకుంది” అంటే తియ్యని మాటలతో. మనకు ముందే ఉన్న ‘నయం’, ‘నయంగా’ అనే మాటలు దీనికి దారి సుగమం చేశాయేమోనని నా ఊహ.

ఈ వాడుకలను తప్పుడు ఇంగ్లీషు అని వెక్కిరించడం అన్యాయం. ఇవి ఇంగ్లీషు కానే కావు, నికార్సయిన తెలుగు. తెలియనివాడిని సౌమ్యుడిగా మార్చుకునే హక్కు లండన్‌కు ఉన్నప్పుడు, పిండిని నైసు చేసుకునే హక్కు తెనాలికీ కరీంనగర్‌కూ ఉంది.

అయితే పరీక్ష రాసే పిల్లవాడికి ఇంగ్లీషు ‘నైస్’, తెలుగు ‘నైసు’ రెండూ తెలియాలి. అందుకే ఉపాధ్యాయులకు నా విన్నపం: విశేషణాన్ని ఒంటరిగా బోర్డు మీద రాయకండి. నాలుగు విశేష్యాల పక్కన నాలుగు వాక్యాల్లో రాయండి. అర్థం పిల్లల చేతనే చెప్పించండి. నిఘంటుకర్తలకు మరో విన్నపం: ‘నైసు’ను తెలుగు పదంగా, తెలుగు అర్థాలతో, తెలుగు వాక్యాలతో చేర్చండి. ఇంట్లో అమ్మ అన్న మాట నిఘంటువులో కనబడిన పిల్లవాడు ఏ భాష ముందూ తల దించుకోడు.