విద్యుత్ పందెపు పడవ

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



మన పాఠశాల విజ్ఞాన సంఘమునందలి బాలబాలికలు ఈ సంవత్సరము ఒక చిన్న పడవను నిర్మించుచున్నారు. దాని పొడవు 450 మిల్లీమీటర్లు. బ్యాటరీతో కూడ తూచినచో సుమారు 700 గ్రాములు. గట్టున నిలిచి, చేతిలోని పెట్టెనుండి రేడియో సంకేతములు పంపి దానిని నడుపుదురు. ఈ సంగతి విని మీలో కొందఱు "చదువు మాని ఈ ఆటలేల?" అని అడిగిరి. మఱికొందఱు "యంత్రముల సంగతి తెలుగులో నేర్చినచో పిల్లలకు రేపు అక్కఱకు వచ్చునా?" అని సందేహించిరి. రెండును అడుగదగిన ప్రశ్నలే. రెండవదానికి వచ్చు సమాధానమును బట్టియే మీరు మీ చిన్నపిల్లలను ఈ బడికి పంపుటయో మానుటయో నిశ్చయించుకొందురని మే మెఱుగుదుము. కావున ఊరక ఉపన్యసింపక, ఆ పడవనే మీ యెదుట నుంచి మాటలాడెదము.

రేడియోతో దూరమునుండి నడపబడిన తొలి వాహనము విమానము కాదు, బండియు కాదు, పడవయే. 1898లో న్యూయార్కునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనమున నికోలా టెస్లా యను శాస్త్రజ్ఞుడు బ్యాటరీతో నడచు చిన్న పడవను, తీగ యేదియు తగిలింపకయే, తన యిచ్చవచ్చినట్లు త్రిప్పి చూపెను. ఆ యేడు నవంబరు 8వ తేదీన దానిపై ఆయనకు అమెరికా పేటెంటు లభించెను. ఇంట సెర్బు భాషను, చదువున జర్మను భాషను, పనిలో ఇంగ్లీషును వాడిన ఆ మేధావికి ఒక భాష మఱియొకదానికి అడ్డు కాలేదు. తమిళ దేశమున తరతరములుగ తెలుగు మాటలాడుచు బ్రదుకుచున్న మన హోసూరు ప్రాంతపు వారికి ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక పడవ నిర్మాణము. నీటిని చీల్చుకొని పోవు పడవ తాను పుట్టించిన అలలోనే తాను చిక్కుకొనును. మన పడవ పొడవునకు ఆ హద్దు గంటకు సుమారు 3 కిలోమీటర్లు మాత్రమే. ఆపైన ఎంత బలము చేర్చినను, అల యనెడి గుట్ట నెక్కుటకే అది చాలవఱకు వ్యయమగును. పందెపు పడవ అట్లు గాక, ఆ గుట్టను దాటి నీటి పైకి లేచి, పిల్లలు చెఱువుపై విసరిన చిల్లపెంకు వలె జాఱిపోవలెను. అట్లు లేచుటకు అడుగుభాగమే ఆధారము. మే మెన్నుకొన్నది అడుగు కోణాకారముగ నుండు రకము. పలుచని ప్లైవుడ్డు ముక్కలను కోసి, అతికి, పైన గాజుగుడ్డను ఎపాక్సీ జిగురుతో పఱచుచున్నారు. వెనుక భాగమున అడుగు ఉక్కుస్కేలు ఆనించినచో వెలుతురు దూఱనంత తిన్నగా ఉండవలెను. అచ్చట ఉబ్బు ఉన్నచో ముందుభాగము పైకి లేచును. గుంట ఉన్నచో ముందుభాగము క్రిందికి దిగి వేగము చచ్చును. వెనుక అంచు కత్తివాదర వలె పదునుగ నుండవలెను. గుండ్రముగ నున్నచో నీరు విడిపోక దానిని పట్టుకొని లాగును. అందముకొఱకు అంచులను నునుపు చేయరాదని పిల్లలకు చెప్పుట కొంచెము కష్టమే.

మోటారు మాట. మా మోటారు వోల్టు ఒక్కింటికి నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునది. బ్యాటరీ 11.1 వోల్టులు. హెచ్చించినచో 22,200 చుట్లు వచ్చును. నీటిలో బరువు పడినపుడు అందు ఐదింట నాలుగు పాళ్ళు, అనగా 17,760 చుట్లు, మిగులునని కొందము. ప్రొపెల్లరు వ్యాసము 30 మిల్లీమీటర్లు. జాఱుడు లేనిచో ఒక చుట్టునకు అది 42 మిల్లీమీటర్లు ముందునకు నడచును. రెంటిని హెచ్చించి గంటకు మార్చినచో సుమారు 45 కిలోమీటర్లు. నీటిలో జాఱుడు నూటికి 15 పాళ్ళు తీసివేయగా 38 కిలోమీటర్లు. ఇది ఎనిమిదవ తరగతి లెక్క. కాని పుస్తకములోని లెక్కకు జవాబు పుస్తకము చివర ఉండును. దీనికి జవాబు చెఱువులో ఉండును. 50 మీటర్ల దూరమున రెండు గుంజలు పాతి, పడవ వానిని దాటు కాలమును స్టాప్‌వాచీతో కొలుతురు. 4.7 సెకండ్లు వచ్చినచో లెక్క నిలిచినట్లు. గాలి తోడ్పడిన పోకయు, ఎదిరించిన రాకయు రెండును కొలిచి సగటు కట్టవలెను. ఒక్క వైపు కొలిచి గొప్ప చెప్పుకొనుట అసత్యముతో సమానమని వారు తమంతట గ్రహించిరి.

ఈ ప్రొపెల్లరు సగము నీటిలోను సగము గాలిలోను తిరుగును. దానిని త్రిప్పు ఇరుసు ఒక ఉక్కు త్రాడు. ఇత్తడి గొట్టములో గ్రీజు పూసి ఉంచబడును. బలము పడినపుడు ఆ త్రాడు కొంచెము కుఱుచయగును. కావున వెనుక బిగింపువద్ద రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడువవలెను. నడచిన ప్రతిదినము త్రాడును పైకి తీసి తుడిచి గ్రీజు పూయవలెను. మీలో అనేకులు ఇచ్చటి కర్మాగారములలో లేతు యంత్రములయొద్ద పనిచేయువారు. ఈ సందు విలువ మీకు మాకంటె బాగుగ తెలియును.

వేగము చాలనిచో పెద్ద ప్రొపెల్లరు తగిలింతమని ప్రతి బాలుడును మొదట కోరును. అదే ఆకారమున వ్యాసము పదింట ఒక పాలు పెంచి, అన్నే చుట్లు త్రిప్పవలెనన్నచో, సిద్ధాంతము ప్రకారము సుమారు 60 శాతము ఎక్కువ శక్తి కావలెను. ఆ శక్తికై కరెంటు పెరుగును. కరెంటు రెట్టింపైనచో తీగలలో వేడి నాలుగింతలగును. అందుచేతనే చుక్కాని ప్రక్కనుండి నీటిని లోనికి తీసి, మోటారును దాని నియంత్రకమును చల్లార్చి, ప్రక్కనుండి బయటికి చిమ్మునట్లు సన్నని గొట్టము లమర్చినారు. ఆ చిమ్ము కానరానిచో పడవను వెంటనే గట్టునకు తేవలెను.

పడవ పూర్తియైన పిమ్మట అసలు చదువు మొదలగును. దానినే సవరణ యందుము. బరువుల కేంద్రము వెనుక అంచునుండి పొడవులో నూటికి 30 పాళ్ళ దూరమున, అనగా 135 మిల్లీమీటర్లవద్ద, మొదట ఉంచుదురు. పడవ కప్ప వలె గంతులు వేసినచో బరువు వెనుకకు మిక్కుటమైనట్లు. బ్యాటరీని ఐదు మిల్లీమీటర్లు ముందుకు జరుపవలెను. ముక్కుతో నీటిని దున్నినచో వెనుకకు జరుపవలెను. ఇరుసు వెనుక కొనను వెండ్రుకవాసి పైకెత్తిన ముందుభాగము లేచును. దించిన ముందుభాగము వంగును. ప్రొపెల్లరు ఒకవైపు తిరుగుచుండగా పడవ దేహము ఎదురువైపు ఒరగును. దానికి విరుగుడుగ బ్యాటరీని ఒక ప్రక్కకు కొంచెము జరుపవలెను. ఇందు ఒక్కటే నియమము: ఒక పర్యాయమునకు ఒక్క మార్పు. రెండు మార్పులు ఒక్కసారి చేసి పడవ బాగుపడినను, ఏది బాగుచేసినదో తెలియదు. చెడినను, ఏది చెఱచినదో తెలియదు. ప్రతి మార్పును, దాని ఫలితమును నోటుపుస్తకమున వ్రాయవలెను.

ఇచ్చట మీ రెండవ ప్రశ్నకు వత్తము. ఆ నోటుపుస్తకములు తెలుగున నున్నవి. మన పడవవారి భాషలో ముందుభాగమునకు అణియము, వెనుకభాగమునకు అమరము అని పేళ్ళు కలవు, చుక్కాని మీరెఱిగినదే. మోటారును మోటారనియు, బ్యాటరీని బ్యాటరీయనియు వ్రాయుటకు మేము సంకోచింపము. "అణియము లేచుచున్నది, బ్యాటరీ ఐదు మిల్లీమీటర్లు ముందుకు" అని వ్రాసిన బాలికకు కారణమును కార్యమును కలిపి ఆలోచించుట వచ్చినది. ఆ యాలోచన పట్టుబడిన పిల్లకు అదే వాక్యమును తమిళమునను ఇంగ్లీషునను చెప్పుటకు మాటలు నేర్చిన చాలును. ఆలోచన పట్టుబడక పరభాషలో వల్లించిన మాటలు మాత్రము పడవను ఒక్క అడుగైనను నడుపజాలవు. రెండు భాషలను మా బడిలో శ్రద్ధగా నేర్పుచునే యున్నాము. మొదటి మెట్టు ఇంటి భాషలో ఉన్నచో పై మెట్లు సులభమగునని మాత్రమే మా మనవి.

ఇక ప్రమాదముల మాట దాచరాదు. లిథియం పాలిమర్ బ్యాటరీలో మూడు సెల్లులుండును. ఒక్కొక్కటి నిండినపుడు 4.2 వోల్టులు, 3 వోల్టులకంటె క్రిందికి ఎన్నడును దిగరాదు. మేము 3.5 వద్దనే ఆపుదుము. మా బ్యాటరీ 2,200 మిల్లీయాంపియర్ గంటలది. 30 ఆంపియర్లు లాగినచో నాలుగున్నర నిమిషములకు లోపలనే పూర్తిగ తీఱిపోవును. ఐదింట నాలుగు పాళ్ళే వాడవలెను గనుక మూడున్నర నిమిషములకు ఒడ్డు చేర్పవలెను. పొంగినదియు, గ్రుచ్చుకొన్నదియు, హద్దు మీఱి నింపినదియు అంటుకొని మండగలదు. కావున బ్యాటరీ ఏ బిడ్డ ఇంటికిని రాదు. బడి ముంగిట, సిమెంటు పలకపై, ఇసుక బకెట్టు ప్రక్కనుంచి, ఉపాధ్యాయుని కన్నుల యెదుటనే నింపబడును.

ప్రొపెల్లరు అంచు బ్లేడు వంటిది. బ్యాటరీ తగిలించియున్నంతవఱకు దాని దరికి చేయి పోరాదు. మొదట చేతిపెట్టె మీట వేసి తరువాత పడవకు బ్యాటరీ తగిలింపవలెను. ముగించునపుడు మొదట పడవలో బ్యాటరీ తీయవలెను. సంకేతము తెగినచో మోటారు తనంత నిలిచిపోవునట్లు ముందుగనే అమర్చి, గట్టుననే పరీక్షింపవలెను. పడవ నడుమ ఆగిపోయినచో దానిని తెచ్చుటకు నీటిలోనికి ఎవరును దిగరాదు. ఈదగలవారికిని సెలవు లేదు. గాలముకఱ్ఱ దారమునకు బంతి కట్టి విసరి లాగుదురు. అందనిచో గాలి ఒడ్డునకు చేర్చువఱకు వేచియుందురు. బోల్తాపడినను మునుగకుండ పడవలోపల సుమారు 700 ఘన సెంటీమీటర్ల థర్మోకోలు నింపినారు. లీటరు నీటిని తొలగించినది కిలోగ్రాము బరువును మోయునన్న ఆర్కిమిడీసు సూత్రమే అందుకు ఆధారము. పడవ పోయినను మఱియొకటి చేసికొనవచ్చును. ఈ నియమమును మీఱిన విద్యార్థికి ఆ సంవత్సరము పడవ లేదు.

అన్నలారా, అమ్మలారా! మీయొద్ద ధనము కోరుట లేదు. ఆరుగురు పిల్లలకు ఒక్క పడవ చాలును. మేము కోరునవి రెండు. మీలో వడ్రంగులు, ఎలక్ట్రీషియనులు, ఫిట్టరులు కలరు. నెలకొక ఆదివారము ఒక గంట వచ్చి, ఆకురాయి పట్టు విధమును, టంకము పెట్టు విధమును పిల్లలకు చూపుడు. తండ్రి చేతిపనియే బడిలో పాఠమగుట చూచిన బిడ్డ ఆ పనిని గాని ఆ తండ్రిని గాని చులకనగ చూడడు. రెండవది, మీ బిడ్డ ఇంటికి వచ్చినపుడు "పడవ ఎంత వేగముగ పోయినది?" అని యడిగి విడువక, "నేడు ఏమి మార్చితివి? ఏల మార్చితివి?" అని యడుగుడు. తెలుగులో తడబడక బదులు చెప్పినచో, ఈ బడికి పంపుట తగునా యను మీ ప్రశ్నకు ఆ బిడ్డయే సమాధానము చెప్పినట్లు. చెప్పలేనిచో మఱునాడు వచ్చి మమ్ము నిలదీయుడు.