శల్యుని ఓటు, యుయుత్సుని ఓటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాసికొనువానికి ఎన్నికల గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. ఓట్లును లెక్కలే కదా! మన యూరి పిల్లలు కొందఱు అమెరికా పౌరులై అచ్చట ఓటు వేయుచున్నారు గనుక, ఆ దేశపు చిక్కు నొకదానిని మీ యెదుట నుంచెదను.

మనకు తఱచుగా పార్టీ పెద్దలే అభ్యర్థిని నిర్ణయింతురు. అచ్చట అట్లు గాక, అసలు ఎన్నికకు ముందు ‘ప్రైమరీ’ జరుగును. అభ్యర్థి యెవరో ఓటర్లే తేల్తురు. కొన్ని రాష్ట్రములలో ఆ పార్టీవారుగా నమోదైనవారికే అందు ఓటు. మఱికొన్నింట ఎవరైనను పోవచ్చును. చిక్కంతయు ఈ తెఱచిన వాకిటనే.

2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ డెమొక్రాటిక్ పార్టీలో పోరుచుండగా, రష్ లింబా యను రేడియో వక్త తన రిపబ్లికన్ శ్రోతలను క్లింటనుకు ఓటు వేయుడని పురికొల్పెను. ఆమెపై ప్రీతిచే కాదు, ఆ కలహము తెగక సాగవలెనని! ఇది చదివినపుడు నాకు శల్యుడు స్ఫురించెను. కర్ణుని రథముపై పగ్గములు పట్టియే, కర్ణుని యుత్సాహమును చంపినవాడు. అట్లు కోరినవాడు ధర్మరాజగుటచే మనము గట్టిగా తప్పనలేకున్నాము. అది వేఱు సంగతి.

2014లో మిసిసిపీ రాష్ట్రమున జరిగినది వేఱు. రిపబ్లికన్ ప్రైమరీ తొలి విడతలో సెనేటర్ థాడ్ కాక్రన్, క్రిస్ మెక్‌డేనియల్ కంటె కొంచెము వెనుకబడెను. ఎవరికిని సగము దాటలేదు. మలి విడతకు కాక్రన్ పక్షమువారు డెమొక్రాట్లైన నల్లజాతి ఓటర్లను బాహాటముగా పిలిచిరి. వారు వచ్చిరి. నవంబరులో తమ పార్టీ గెలుపు దుర్లభమని యెఱిగి, ఉన్న యిద్దఱిలో తమకు మేలైనవానిని ఎన్నుకొనిరి. కాక్రన్ ఏడువేలకు పైబడిన ఓట్లతో గెలిచెను. ఓడినవారు న్యాయస్థానమున కెక్కగా, గడువు మించినదని వ్యాజ్యము కొట్టివేయబడెను.

ఇచ్చట నాకు యుయుత్సుడు కనబడును. ధర్మరాజు ఎలుగెత్తి పిలువగా, అందఱు చూచుచుండగనే కౌరవసేన వీడి వచ్చినవాడు. అతడు మరలిపోలేదు, వీరు మరలిపోగలరు, పోలిక అంతవఱకే.

ఇంటివారి హక్కు మాటయో? 2000లో అమెరికా సుప్రీంకోర్టు, కాలిఫోర్నియాలో ఎవరైనను ఏ పార్టీ అభ్యర్థినైనను ఎన్నుకొనవచ్చునను ప్రైమరీ పద్ధతిని ఏడుగురు ఇద్దఱుగా కొట్టివేసెను. తన ప్రతినిధిని తానే ఎన్నుకొను స్వేచ్ఛ పార్టీకి కలదని తీర్పు. నేను దీనిని ఒప్పుదును గాని, మిసిసిపీ ఓటర్లను తప్పుపట్ట మనసొప్పదు.

నా దోషమును చెప్పెదను. యౌవనమున ఒక సంఘపు ఎన్నికకు ముందు, ఎదుటి వీధివారు తమ అభ్యర్థిని నిర్ణయించుకొను కూటమిలో దూరి, బలహీనుడని తలచినవానికి చేయెత్తితిని. మావాడు సులువుగా గెలుచునని నా లెక్క. ఆ బలహీనుడే గెలిచెను. మూడేండ్లు అతని లెక్కలు నేనే వ్రాసితిని.