సమతామూర్తి లోపల ఏముంది?

(శంషాబాద్ మండలంలో ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠం)



ముచ్చింతల్ మనకు దూరం లేదు. అక్కడ రామానుజాచార్యుల విగ్రహం 216 అడుగులు. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని మోదీ ఆవిష్కరించిండు. పేరు సమతామూర్తి. పేరు మంచిదే, మన కొట్లాటంతా ఆ మాట కోసమే గదా! చూసొచ్చిన మనోళ్లు కొందరు 'గింత పెద్దది ఎవరు చేసిండ్రే?' అని అడిగిండ్రు.

చైనాల చేసిండ్రు. నాన్‌జింగ్‌లోని ఏరోసన్ కంపెనీ ముక్కలు ముక్కలుగా తయారుచేసి పంపితే ఇక్కడ జోడించి నిలబెట్టిండ్రు. బంగారం, వెండి, రాగి, ఇత్తడి, జింకు కలిపిన పంచలోహం. ఆ కొలిమి కాడ చెమటోడ్చిన కూలోని పేరు మనకు తెల్వదు. ముసుగు తీసినోళ్ల పేర్లు మాత్రం దేశమంతా తెలుసు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున బాబాసాహెబ్ విగ్రహం 125 అడుగులు, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిండ్రు. శిల్పి రామ్ సుతార్, మహారాష్ట్రల పుట్టినాయన. మరాఠీల సుతార్ అంటే వడ్రంగే. ఆ విగ్రహానికి పైన కనబడే కంచు 114 టన్నులు. లోపల కనబడని ఉక్కు 360 టన్నులు! గాలివానకు ఆగేది పైతోలు కాదు, లోపలి ఎముక.

మరి ముచ్చింతల్ సమతకు ఎముక ఏది? రామానుజులు మేలుకోటలో అంటరానోళ్లను తిరుకులత్తార్ అని పిలిచి గుడిలోకి రానిచ్చిండని చెప్తరు. తొమ్మిది వందల ఏండ్ల కింద అది చిన్న సంగతి కాదు, ఒప్పుకుందాం. కాని ఆ హక్కు ఏడాదికి మూడు రోజులే! మిగతా 362 రోజులు గడప బయటే. పేరు మారింది, వాడ మారలేదు. (పేర్లు పెట్టుడు మనకు కొత్త గాదు. గాంధీగారు హరిజనులన్నరు.)

అదే ఆవరణలో 120 కిలోల బంగారు విగ్రహం ఉంది. దాన్ని 2022 ఫిబ్రవరి 13న ఆవిష్కరించింది అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, దళితుడు. సంతోషమే. ఆయనను ఆ గద్దె దాకా తెచ్చింది ఏ ఆచార్యుని దయ? రాజ్యాంగం తెచ్చింది. 17వ అధికరణం అంటరానితనం రద్దన్నది, పాటిస్తే నేరమన్నది. ఏడాదికి మూడు రోజులని రాయలేదు. అదీ ఉక్కు!

అట్లని బాబాసాహెబ్ పాదాల కాడ దండేసి వస్తే అయిపోదు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తదని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయనే హెచ్చరించిండు.

వచ్చే సభకు రాంగ ఒక పని చేసుకొని రండి. మీ ఊరి గుడిల మనోళ్లు ఏ మెట్టు కాడ ఆగుతున్నరు, చాయ్ హోటల్ల గ్లాసులు ఒక్కతీరేనా, బొడ్రాయి పండుగకు చందా తీసుకొని పూజ కాడ ఎవర్ని దూరం పెడుతున్నరు, ఊరి పేరు, తేదీతో సహా రాసుకొని రండి. రాయరానోళ్లకు మన పిల్లలు రాసిపెడతరు.